తిరుపతి ఎండలో టర్బో కారుకు నీళ్ల ఇంజెక్షన్ కిట్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

ఏప్రిల్ మధ్యాహ్నం అలిపిరి తనిఖీ కేంద్రం ముందు వరసలో ఇరవై నిమిషాలు ఏసీ వేసుకుని నిలబడిన టర్బో పెట్రోల్ కారు (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి నెట్టే టర్బో ఉన్నది), రెండో ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టగానే మొద్దుబారినట్టు లాగుతుంది. పొద్దున ఆరింటికి అదే కారు, అంతే మందితో, అవే మలుపుల్లో హుషారుగా ఎక్కుతుంది. మధ్యాహ్నం బానెట్ కింద, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కాగిపోయి ఉంటుంది. అందులోంచి వచ్చే వేడి గాలికి నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ వేళ తప్పి తనంతట తాను అంటుకోవడం) కొట్టకుండా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్‌ను (ప్లగ్ నిప్పురవ్వ కొట్టే వేళను) వెనక్కి లాగేస్తుంది. పికప్ అక్కడే పోతుంది. ఇంజిన్‌లోకి పోయే గాలిలో నీటి తుంపర చల్లే నీళ్ల ఇంజెక్షన్ కిట్లు అమ్మేవాళ్లు చూపించే సమస్య ఇదే, ఆ సమస్య నిజమే. కిట్ దానికి మందేనా, అందరి కార్లకూ మందేనా అన్నది ఇక్కడ చూద్దాం.

ఆన్‌లైన్‌లో దొరికే కిట్లు రెండు రకాలు. మొదటిది స్విచ్ రకం: నాలుగు లీటర్ల ట్యాంకు, 150 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాకా నెట్టే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు, బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ప్రెషర్) ఒక హద్దు దాటగానే పంపును ఆన్ చేసే ప్రెషర్ స్విచ్, రిలే, నైలాన్ ట్యూబు, రెండు మూడు నాజిళ్లు. రెండోది కంట్రోలర్ రకం: బూస్ట్ పెరిగేకొద్దీ పంపు వేగాన్ని పెంచుతుంది, ఖరీదైనవాటిలో నీటి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది. పేరున్న విదేశీ కంట్రోలర్ కిట్ దిగుమతి సుంకం, రవాణా కలిపి చేతికొచ్చేసరికి అర లక్ష దరిదాపుల్లోకి పోతుంది. ఆ డబ్బు పెట్టేముందు లోపల జరిగే లెక్క తెలిసి ఉండాలి.

కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2257 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. పెట్రోల్ సుమారు 350 మాత్రమే పీలుస్తుంది. బయట 40 డిగ్రీల ఎండ, 0.8 బార్ బూస్ట్, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుంటే, టర్బో మూతి దగ్గర గాలి 120 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ శుభ్రంగా ఉండి కారు పరుగులో ఉంటే అది 65 దాకా దిగుతుంది. ట్రాఫిక్‌లో నిలబడి కాగిన ఇంటర్‌కూలర్ అంత దించలేదు. నెక్సాన్ 1.2 టర్బో పెట్రోల్ లాంటి 120 హార్స్‌పవర్ తరగతి ఇంజిన్ పూర్తి లోడు మీద సెకనుకు సుమారు 110 గ్రాముల గాలి పీలుస్తుంది. అందులోకి నిమిషానికి 90 మిల్లీలీటర్ల నీరు పొగమంచులా చల్లి, అంతా దారిలోనే ఆవిరైతే, కాగితం మీద 30 డిగ్రీలకు పైగా చల్లబడాలి. నిజానికి అంతా దారిలో ఆవిరి కాదు, అందులో సగం దక్కినా మంచిదే. మిగతా నీరు సిలిండర్‌లో, కంప్రెషన్ వేడికి ఆవిరవుతూ మంటను కాస్త నెమ్మదింపజేస్తుంది. నాకింగ్‌ను ఎక్కువగా ఆపేది ఆ రెండో పనే. అందుకే ఈశాన్య రుతుపవనాల్లో, గాలి తడితో నిండి ఉన్న నవంబరులో కూడా నీరు పూర్తిగా వృథా పోదు. పైపులో ఆవిరి కానిది లోపల అవుతుంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. నీరు ఇంధనం కాదు, దానంతట అది ఒక్క హార్స్‌పవర్ కూడా ఇవ్వదు. వేడివల్ల ఈసీయూ లాగేసుకున్న టైమింగ్‌ను తిరిగి ఇప్పిస్తుంది, లేదా రీమ్యాప్ (ఈసీయూ సెట్టింగులు మార్చడం) చేసేవాడికి ఇంకాస్త టైమింగ్, ఇంకాస్త బూస్ట్ వేసే వెసులుబాటు ఇస్తుంది. కంపెనీ ట్యూన్‌లోనే ఉండి, టైమింగ్ ఏమీ కోల్పోని ఇంజిన్‌లోకి నీరు చల్లితే మంట నెమ్మదించి పికప్ ఒక పిసరు తగ్గుతుంది కూడా.

టర్బో లేని ఇంజిన్‌కు కిట్ ఎందుకు వద్దో ఇక్కడే తేలిపోతుంది. దాంట్లో గాలిని నొక్కి వేడెక్కించే యంత్రమే లేదు. బయటి గాలికంటే పది డిగ్రీలు ఎక్కువున్న గాలిలోకి నీరు చల్లితే దక్కే చల్లదనం కొంచెం. పైగా నీటి ఆవిరి కూడా చోటు ఆక్రమిస్తుంది, పైన చెప్పిన మోతాదులో ఆ చోటు 2 శాతం పైమాటే. వచ్చేదీ పోయేదీ ఇంచుమించు సరిసమానం. కంప్రెషన్ 12:1 దాకా ఉండే మారుతి డ్యూయల్ జెట్ లాంటి ఇంజిన్లు చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కుతూ, ఏసీతో, నాలుగో గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర కొడితే టిక్ టిక్ మనే మాట నిజమే. దానికి మందు మూడో గేరు. గేరు తగ్గిస్తే లోడు తగ్గుతుంది, నాకింగ్ ఆగుతుంది, పైసా ఖర్చు లేదు. టర్బో లేని కారుకు బూస్ట్ స్విచ్ కూడా పనిచేయదు. మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) వాక్యూమ్‌ను చూసే స్విచ్చో, థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) 70 శాతం దాటితే ఆన్ అయ్యే స్విచ్చో వేరుగా కొనాలి. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని పెట్టె మీద రాసినా దీన్ని నమ్మి కొనకండి. సొంతంగా కంప్రెషన్ పెంచి, ఈసీయూ మార్చి రేసు ఇంజిన్ కట్టుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లకు ఈ వ్యాసం అవసరం లేదు.

టర్బో కారువాళ్లు కిట్ కొనేముందు తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. కారు ఓబీడీ పోర్టుకు (మెకానిక్కులు కంప్యూటర్ తగిలించే సాకెట్టుకు) పెట్టే బ్లూటూత్ స్కానర్, ఫోనులో దానికి సంబంధించిన యాప్ చాలు. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్, ఆర్‌పీఎం, మ్యానిఫోల్డ్ ప్రెషర్, ఈ నాలుగూ రికార్డు చేయాలి. పొద్దున ఆరింటికి ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద, వేగ పరిమితి దాటకుండా, రెండో గేరులో 2000 నుంచి 4500 ఆర్‌పీఎం దాకా పూర్తి యాక్సిలరేటర్‌తో మూడుసార్లు. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి, పదిహేను నిమిషాలు ట్రాఫిక్‌లో తిప్పిన తర్వాత, అదే చోట మళ్లీ మూడుసార్లు. పక్కన ఇంకొకరు కూర్చుని ఫోను చూడాలి, నడిపేవాడి కళ్లు రోడ్డు మీదే ఉండాలి. ఈ పరీక్షకు తిరుమల ఘాట్ పనికిరాదు: అక్కడ వేగానికి కట్టుబాటు ఉంది, పైకి 28 నిమిషాలకంటే ముందు చేరకూడదన్న నియమం ఉంది, యాత్రికుల బస్సులు ఉంటాయి. అన్నట్టు, ఆ వేగంలో బూస్ట్ పెద్దగా లేవదు కాబట్టి 8 పీఎస్ఐకి పెట్టిన స్విచ్ ఘాట్ మొత్తం మీద కొద్దిసార్లే ఆన్ అవుతుంది. కొండకు పోయిరావడం కోసమే కిట్ అనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఒకే ఆర్‌పీఎం, ఒకే ప్రెషర్ దగ్గర పొద్దుటి టైమింగ్‌కూ మధ్యాహ్నం టైమింగ్‌కూ తేడా 4 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ ఉంటే కిట్‌కు చేయడానికి పని ఉంది. ఒకటి రెండు డిగ్రీలే అయితే లేదు. తేడా కనిపించినా వెంటనే కిట్ కొనకుండా ముందు ఇంటర్‌కూలర్ రెక్కల్లో పేరుకున్న మట్టి, పురుగులు తక్కువ ప్రెషర్ నీటితో కడిగించండి, దాని గొట్టాల క్లిప్పుల దగ్గర నూనె చెమ్మ ఉందేమో చూడండి (చెమ్మ ఉంటే బూస్ట్ లీకవుతున్నట్టు), ప్లగ్గులు మార్చండి, ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న ప్రీమియం పెట్రోల్ ఒక ట్యాంకు పోయించి మళ్లీ కొలవండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌లోని ఇథనాల్ కూడా పెట్రోల్ కంటే రెట్టింపుకు పైగా వేడి పీలుస్తుంది, ఆక్టేన్‌నూ పెంచుతుంది. ఆ మేరకు నీటికి మిగిలే పని తగ్గింది. పాత విదేశీ సమీక్షల్లోని లాభాలు ఇక్కడ అచ్చంగా అలాగే రావు.

కిట్లలో అన్నిటికంటే పెద్ద లోపం నాజిల్ సైజు. చాలా పెట్టెల్లో 300 హార్స్‌పవర్ ఇంజిన్లకు సరిపోయే నాజిళ్లు పెట్టి పంపుతారు. లెక్క సులువు. 120 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి లోడు మీద నిమిషానికి దాదాపు 650 నుంచి 700 మిల్లీలీటర్ల పెట్రోల్ తాగుతుంది. నీరు అందులో 10 నుంచి 15 శాతం ఉండాలి, అంటే 70 నుంచి 100 మిల్లీలీటర్లు. నాజిల్ మీద రాసే అంకె సాధారణంగా 100 పీఎస్ఐ దగ్గర కొలిచినది. ప్రవాహం ప్రెషర్‌తో సమంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. పంపు 150 పీఎస్ఐ ఇస్తూ ఎదురుగా 12 పీఎస్ఐ బూస్ట్ నెడుతుంటే నాజిల్‌కు మిగిలేది 138. కాబట్టి 60 అని రాసిన నాజిల్ 70 మిల్లీలీటర్లు, 100 అని రాసినది 117 చల్లుతాయి. 60తో మొదలుపెట్టాలి. 250 నాజిల్ బిగిస్తే మంట తడిసి ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. నాజిల్ సరైనదే అయినా ఎక్కువ బూస్ట్ దగ్గర దగ్గినట్టయితే ప్లగ్ గ్యాప్ ఒక పాయింటు తగ్గించాలి: 0.8 మిల్లీమీటర్లు ఉంటే 0.7కు.

పంపు సంగతి. మన దగ్గర తెలివైన మెకానిక్కులు కిట్ పంపు బదులు చేనుకు మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ పంపో, ఆర్‌ఓ ఫిల్టర్ బూస్టర్ పంపో వాడదామంటారు. స్ప్రేయర్ పంపు 12 వోల్టులదే, దొరకడమూ తేలికే. కానీ దాని ప్రెషర్ ఈ పనికి చాలదు. బిందువులు పెద్దవై పైపు గోడకు అంటుకుంటాయి, అడుగున చారగా పారి ఒక సిలిండర్‌కు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ చేరతాయి. నాకింగ్ కొట్టేది ఆ తక్కువ చేరిన సిలిండరే. ఆర్‌ఓ పంపు చాలామటుకు 24 వోల్టులది, కారు కరెంటు మీద సగం బలంతో తిరుగుతుంది. ఈ ఒక్క వస్తువు దగ్గర పొదుపు చేయొద్దు. ట్యూబు విషయంలోనూ ఇలాంటి పొరపాటే ఎక్కువ: ఆర్‌ఓ తెల్ల ట్యూబు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. కిట్ ఫిట్టింగులు చాలావరకు 6 మిల్లీమీటర్లవి. గట్టిగా నొక్కితే దూరినట్టే ఉంటుంది, బానెట్ వేడికి మెత్తబడగానే ఊడుతుంది. నైలాన్ ట్యూబే వాడాలి, కొసను బ్లేడుతో అడ్డంగా, చదునుగా కోయాలి.

బిగింపులో చోటే కీలకం. నాజిల్ ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్ బాడీకి ముందు 15 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్‌కు ముందు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ పైపులో ఉంటే నాజిల్ దానికి తర్వాత రావాలి. ముందు పెడితే సెన్సర్ తడిసి, లేని చల్లదనాన్ని చూపిస్తుంది, ఈసీయూ దాన్ని నమ్మి టైమింగ్ ఎక్కువ వేస్తుంది. సెన్సర్ మ్యానిఫోల్డ్ మీదే ఉండే కార్లలో నాజిల్‌ను వీలైనంత వెనక్కి, ఇంటర్‌కూలర్ బయటి మూతి దగ్గరికి జరపాలి, తుంపర ఆవిరి కావడానికి దారి దొరుకుతుంది. నాజిల్ మరలు సాధారణంగా 1/8 ఎన్‌పీటీ (పైపు మరల కొలత), వాటికి 8.5 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి ట్యాప్ చేయాలి. కంపెనీ ప్లాస్టిక్ పైపు గోడ పలచన, మరలు నిలబడవు. లేత్ షాపులో చిన్న అల్యూమినియం పైపు ముక్క తిప్పించి, దానికి బుష్ వెల్డ్ చేయించి, గొట్టం మధ్యలో క్లిప్పులతో కలపడం మేలు. ఏ పైపుకు రంధ్రం వేసినా దాన్ని కారు నుంచి విప్పి, వేసి, కడిగి పెట్టాలి. లోపల మిగిలిన ఒక్క లోహపు రజను చాలు సిలిండర్ గోడ గీసుకుపోవడానికి.

ట్యాంకు డిక్కీలో పెడితే పంపు దాని పక్కనే, ట్యాంకు అడుగుకంటే కిందుగా ఉండాలి. ఈ పంపులు నెట్టడంలో దిట్టలు, పీల్చడంలో కాదు. పంపు 5 నుంచి 8 ఆంపియర్లు లాగుతుంది: బ్యాటరీ నుంచి నేరుగా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు, మధ్యలో రిలే. సన్న వైరు వేస్తే చివరకు 11 వోల్టులే చేరి ప్రెషర్ పడిపోతుంది. రిలే కాయిల్‌కు కరెంటు ఇగ్నిషన్ లైను నుంచి రావాలి, ఇంజిన్ ఆగితే పంపు ఆగాలి. కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలెనాయిడ్ వాల్వు కిట్‌లో లేకపోతే విడిగా కొని నాజిల్‌కు దగ్గరగా పెట్టండి. అది లేకుంటే యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ ట్యూబులో మిగిలిన ప్రెషర్‌కు నీరు కాసేపు కారుతూనే ఉంటుంది, ఐడిలింగ్ తడబడుతుంది. ట్యాంకు నాజిల్ కంటే ఎత్తులో ఉంటే బండి ఆపి ఉంచిన రాత్రంతా బొట్టు బొట్టుగా నీరు దిగి, పొద్దున సెల్ఫ్ కొట్టగానే హైడ్రోలాక్ అయి (సిలిండర్‌లో నీరు నిండి పిస్టన్ కదలక) కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. చౌక కిట్లలో ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ వాల్వునే. అది లేని కిట్‌కు మా దగ్గర మార్కులు లేవు.

ఏ నీరు పోయాలి? తిరుపతి బోరు నీరు పోస్తే సన్నటి నాజిల్ కొద్ది వారాల్లోనే సున్నపు పొరతో పూడుకుపోతుంది. ఆర్‌ఓ నీటిలో కూడా లవణాలు మిగులుతాయి, పైగా చాలా ఫిల్టర్లు రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరే సరైనది. పక్కనే కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్నాయి కాబట్టి ఈ ఊళ్లో దానికి కొదవ లేదు, 5 లీటర్ల క్యాన్లలో దొరుకుతుంది. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు ఉండవు. 2015లో బీఎండబ్ల్యూ చూపించిన నమూనా కారు ఆ నీటినే ట్యాంకుకు మళ్లించింది కూడా. ఇంట్లో పట్టుకున్నదాంట్లో దుమ్ము, నాచు ఉంటాయి కాబట్టి 5 మైక్రాన్ల ఫిల్టర్ లేకుండా వాడొద్దు. వాడకం తక్కువే: నిమిషానికి 90 మిల్లీలీటర్లు అనుకున్నా పూర్తి బూస్ట్‌లో ఉన్న క్షణాల్లోనే ఖర్చవుతుంది, తిరుపతి నుంచి చిత్తూరు పోయొచ్చినా అర లీటరు దాటడం కష్టం.

మిథనాల్ కలపమని కిట్ కాగితాల్లో రాసి ఉంటుంది. చలి దేశాల్లో దాని మొదటి పని నీరు గడ్డకట్టకుండా చూడటం, మనకు ఆ బాధ లేదు. అది ఇంధనం కూడా కాబట్టి రీమ్యాప్‌తో ఎక్కువ పవరు వచ్చే మాట నిజమే. కానీ పది మిల్లీలీటర్లు లోపలికి పోయినా చూపు పోగొట్టగల విషం, పట్టపగలు దాని మంట కంటికి సరిగా కనబడదు, అమ్మకం మీద విష పదార్థాల చట్టం కింద ఆంక్షలు ఉన్నాయి. పిల్లలతో ప్రయాణించే కారు డిక్కీలో దాని ట్యాంకు పెట్టడం మాకు సుతరామూ ఇష్టం లేదు. ఇక్కడి ఎండకు ఒట్టి నీరు చాలు.

స్విచ్ రకమా, కంట్రోలర్ రకమా అన్నదానికి జవాబు రీమ్యాప్ మీద ఉంది. కంపెనీ ట్యూన్ మీదే ఉంచేవాళ్లకు స్విచ్ రకం సరిపోతుంది. బూస్ట్ గరిష్ఠంలో సగం దాటాక ఆన్ అయ్యేలా పెట్టాలి, 12 పీఎస్ఐ కారుకు 6 లేదా 7. నీరు అయిపోతే ఈసీయూ మళ్లీ టైమింగ్ లాక్కుంటుంది, పికప్ తగ్గుతుందే గానీ ఇంజిన్‌కు ముప్పు లేదు. నీటిని నమ్ముకుని టైమింగ్ పెంచిన రీమ్యాప్ కారులో మాత్రం పంపు ఆగిన మరుక్షణం పిస్టన్ రింగుల గాడి విరగొచ్చు. అలాంటి కారుకు ప్రవాహ సెన్సర్, ట్యాంకులో లెవెల్ స్విచ్, రెండిట్లో ఏది తప్పినా బూస్ట్‌ను తగ్గించే ఏర్పాటు ఉన్న కంట్రోలరే తీసుకోవాలి. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ టర్బో కారు నీళ్లు, మిథనాల్ మిశ్రమంతో వచ్చింది. ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గించే ఏర్పాటు దాంట్లోనే ఉంది. అయినా ట్యాంకు నింపే ఓపిక యజమానులకు లేకపోయింది, చివరికి కంపెనీయే చాలా కార్లకు టర్బో విప్పి మామూలు కార్బ్యురేటర్ పెట్టి ఇచ్చింది. 2016 బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌లో డిక్కీలో 5 లీటర్ల ట్యాంకు, 500 హార్స్‌పవర్. అదీ నీరు అయిపోతే తనంత తానే బూస్ట్ తగ్గించుకుంటుంది. అర లక్ష కిట్‌లో ఆ కాపలా లేకపోతే రీమ్యాప్ జోలికి పోవద్దు.

వారంటీలో ఉన్న కారుకు ఇది వద్దు, ఇంజిన్ క్లెయిము పోతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా రిజిస్ట్రేషన్ వివరాలు మారేలా కారును మార్చకూడదంటుంది. ఇంజిన్ పవరు మార్చే రీమ్యాప్‌కు ఇది చిక్కే. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకుండా ముందుకు పోకండి.

బిగించాక మొదటి వారం డిప్‌స్టిక్, ఆయిల్ మూత లోపలి వైపు రోజూ చూడండి. పాలలాంటి తెల్ల నురగ కనిపిస్తే నీరు ఎక్కువవుతోంది, లేదా కారు ఎప్పుడూ వేడెక్కనంత దగ్గరి దూరాలే తిరుగుతోంది. నెలకోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కడగాలి, తెల్ల ట్యాంకు ఎండలో ఉంటే నాచు పడుతుంది, నల్ల ట్యాంకు మేలు. వెయ్యి కిలోమీటర్లకు నాజిల్ విప్పి గాజు గ్లాసులోకి చల్లించి చూడండి. తుంపర గుండ్రటి గొడుగులా విచ్చుకోవాలి, ఒక పక్కకు వంగినా, మధ్యలో దారంలా కారినా నాజిల్ పూడుతున్నట్టే. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, ఎదురువైపు నుంచి గాలి కొట్టి శుభ్రం చేయాలి, సూది మాత్రం దూర్చొద్దు.